తాఖా దారిన లింబాద్రి మోసిన కబుర్లు

శుక్రవారం నాడు లింబాద్రి సైకిల్ కనిపిస్తే తోటల్లో పండగ. మరే వారమైనా కనిపించిందంటే మాత్రం చూసినవాడి గుండె గుభేలుమనేది. తొంభైల మొదట్లో, అరబ్బు దేశంలో సలాలా నుంచి తాఖా దాకా, సముద్రపు ఒడ్డున కొబ్బరితోటల్లో, కోళ్లఫారాల్లో, రోడ్డు కంపెనీ క్యాంపుల్లో పనిచేసిన మన నిజామాబాదు, కరీంనగరం మనుషుల్ని ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు. సైకిల్‌కి పాపం ఏం తెలుసు? అది ఏ రోజైనా ఒకేలా కిర్రుకిర్రుమంటూ వచ్చేది.

లింబాద్రిది భీంగల్ దగ్గర ఊరు. ఎనభై ఏడులో బొంబాయి ఏజెంటు మేస్త్రీ పని అని చెప్పి విమానం ఎక్కించాడు. దిగాక చేతికి పార ఇచ్చి, సలాలా అంచున దహరీజ్‌లో కొబ్బరితోటకి నీళ్లు పెట్టమన్నారు. అతను పెద్దగా నొచ్చుకోలేదు. ఊళ్లో చేసిందీ అదే పని, అక్కడ వరి, ఇక్కడ కొబ్బరి, అరటి, బొప్పాయి. అర్బాబుకి, అంటే యజమానికి, రెండు తోటలుండేవి. ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లి వచ్చేసరికి మొదటి తోటలో మడులు పొంగి పొర్లేవి. అది చూసి ముసలి అర్బాబు, ఊరికి పోతున్న ఓ బంగ్లాదేశ్ మనిషి దగ్గర సైకిల్ కొనిచ్చాడు. పాత హ్యాండిల్, కొత్త టైర్లు, వెనక గోనెసంచి పట్టేంత క్యారియర్. అంతకుమించి గొప్ప బండేం కాదు.

మొదట్లో సెలవునాడు ఊరికే తొక్కేవాడు. రూమ్‌లో వెల్లకిలా పడుకుంటే సాయవ్వ గుర్తొస్తుంది. సైకిల్ మీదుంటే దారి చూసుకోవాలి కాబట్టి మనసుకి కాస్త తెరిపి. సాయవ్వ అతని భార్య. పుట్టిన ఒక్క బిడ్డా పురిట్లోనే పోయాక వాళ్లకి మళ్లీ పిల్లలు కలగలేదు. "రెండేండ్లు పోయిరా, నేను బీడీలు చేసుకుంట ఉంట" అని ఆమే ధైర్యం చెప్పి పంపింది. ఆ రెండేళ్లు సాగి సాగి ఏడేళ్లయ్యాయి. మధ్యలో రెండుసార్లు సెలవు మీద వెళ్లొచ్చాడు, మిగతా కాపురమంతా మాటలు రికార్డు చేసి పంపుకునే క్యాసెట్లలోనే సాగింది. ఆమె పంపిన క్యాసెట్లో మాటలకన్నా తునికాకు కత్తిరించే చప్పుడే ఎక్కువ వినపడేది. చేతులు ఊరికే పెట్టుకుని మాట్లాడటం ఆమెకి చేతకాదు. లింబాద్రి ఆ చప్పుడు కూడా మాటల్లాగే వినేవాడు.

ఆ తాఖా దారి గురించి కూడా చెప్పాలి. దహరీజ్ తోటలు దాటాక మనిషి అలికిడి పల్చబడుతుంది. కుడివైపు సముద్రం, ఎడమవైపు దూరంగా కొండలు, మధ్యలో నల్లటి రోడ్డు, ఎప్పుడో ఒక పికప్ బండి. ఒంటెలు రోడ్డుకి అడ్డంగా నిలబడి బెల్లు కొట్టినా కదలవు. దిగి బతిమాలుకోవాల్సిందే. తాఖా దగ్గర పడేసరికి ఇసుకలో ఎండబోసిన చిన్నచేపల కంపు ముక్కు బద్దలుకొడుతుంది, అక్కడి పశువులకి అదే మేత. ఊళ్లోకి పోతే రాతి ఇళ్లు, గుమ్మాల్లో మేకలు, సాంబ్రాణి పొగ. ఓ ముసలాయన ఇంటిముందు ఆపి, ఖర్జూరం, కావా అనే వాళ్ల కాఫీ ఇవ్వకుండా వదిలేవాడు కాదు. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు, అయినా బోలెడంత సేపు మాట్లాడుకునేవాళ్లు.

ఇక నడివేసవిలో ఖరీఫ్ దిగుతుంది. అక్కడి వానాకాలానికి అదీ పేరు. గట్టి వాన కాదు, మూడు నెలలు ఆగకుండా మంచులాంటి తుంపర. మస్కట్‌లో, మత్రాలో జనం మాడిపోతుంటే సలాలా కొండలు పచ్చగా నవనవలాడతాయి. "మన శ్రావణమే పో" అని మురిసిపోయేవాడు లింబాద్రి. ఆ రోజుల్లో పోయేటప్పుడు గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది, వచ్చేటప్పుడు రొమ్ముకి అడ్డం నిలబడుతుంది. తడిసి ముద్దయినా అతనికి ఆ కాలమే ఇష్టం.

ఇలా తిరిగేవాణ్ణి ఊరికే తిరగనిస్తారా? సలాలా బజారులో ఖమరుద్దీన్ అని కడప మనిషికి టైలర్ షాపుండేది. చుట్టుపక్కల మనవాళ్లందరికీ ఆ షాపు ఫోనే దిక్కు. తోటలకి ఫోన్లు లేవు, క్యాంపుల్లో ఫోన్ ఇంజనీరు బల్ల మీద ఉంటుంది. ఊళ్లలో ఎస్టీడీ బూతులు అప్పుడప్పుడే వస్తున్న కాలం కాబట్టి ఇంటి కబురు ఏదైనా ఖమరుద్దీన్ చెవిలో పడి, అక్కణ్ణించి మనిషిని వెతుక్కుంటూ పోవాలి. "ఎట్లా ఆ పక్కకే పోతుండావు కదా లింబాద్రి భాయ్" అని అతను ఒకసారి అన్నాడు, అంతే. అప్పట్నుంచి శుక్రవారం వస్తే గోనెసంచి నిండా క్యాసెట్లు, తొక్కు సీసాలు, సెలవు మీద వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిన సకినాలు. దారి పొడుగునా ఎవరో ఒకరు గేటు దగ్గర కాసుకుని ఉండేవారు.

చెడ్డ కబురు మాత్రం శుక్రవారం దాకా ఆగదు. మొదటి చావు కబురు లింబాద్రి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తాఖాకి ఇవతల తోటలో, కబురు అందాల్సిన మనిషి కొబ్బరిచెట్టెక్కి కాయలు దింపుతున్నాడు. లింబాద్రి కింద నిలబడి "మీ నాయిన పోయిండట" అని కేకేశాడు. పైనున్నవాడు రెండు చేతులూ వదిలేశాడు. కాలు విరిగి, నడుం పోయి, ఇక పనికి పనికిరాడని అతన్ని ఇంటికి పంపేశారు. "నా నోరు పడిపోను" అని లింబాద్రి చాలాకాలం తనని తాను తిట్టుకున్నాడు.

ఆ దెబ్బతో అతనికో పద్ధతి ఏర్పడింది. ముందు హోటల్లో పరోటాలు, కూర పార్సిల్ కట్టించుకునేవాడు. మనిషిని పని మీంచి తప్పించి, నీడలో కూర్చోబెట్టి, కబురు చెప్పకముందే తినిపించేవాడు. చావు తెలిశాక మనవాడు ముద్ద ముట్టడు, డ్యూటీ తప్పదు, ఎండలో కళ్లు తిరిగి పడతాడు. అందుకని ముందు కడుపులో ఇంత పడాలి. తిన్నాక, "మీ అమ్మకు పానం బాగలేదట, జెప్పన రమ్మన్నరు" అనేవాడు. "ఉన్నదా అన్నా?" అని వాడు బేలగా అడిగితే, "ఉన్నది, నీ మీద ఒట్టు" అనేవాడు. అసలు సంగతి మర్నాడు, పక్కమంచం వాడితో చెప్పించేవాడు. ఒక్క పూటైనా ఆశ మిగులుతుందని అతని ఆరాటం. ఖమరుద్దీన్‌కి కూడా ఈ పద్ధతి నచ్చి, షాపుకి వచ్చి అడిగినవాళ్లకి తనూ అలాగే చెప్పేవాడు. కొన్నేళ్లకి తోటల్లో అందరికీ ఈ గుట్టు తెలిసిపోయింది. పార్సిల్‌తో లింబాద్రి వచ్చాడంటే ఇంట్లో ఎవరో పోయారనే. తెలిసినా అందరూ తినేవాళ్లు, అందరూ నమ్మినట్టే తలూపేవాళ్లు. చేతనైన దయ అది, ఎవరు కాదంటారు?

తొంభై నాలుగు ఖరీఫ్‌లో, ఓ మంగళవారం పొద్దున, లింబాద్రి అరటిమళ్లకి నీళ్లు మళ్లిస్తున్నాడు. తుంపరలో తడుస్తూ తోట దారిన నర్సింగ్ వస్తున్నాడు. నర్సింగ్ రోడ్డు పక్క చెట్లకి నీళ్లు పోసే కంపెనీలో పనిచేసే మనిషి, ఖమరుద్దీన్ షాపు వెనక రూమ్‌లో ఉంటాడు, లింబాద్రికి తమ్ముడి లెక్క. తోడు వెళ్లి నాలుగైదు కబుర్లు కూడా మోశాడు. ఆ పూట నర్సింగ్ వచ్చింది ఖమరుద్దీన్ సైకిల్ మీద. హ్యాండిల్‌కి పార్సిల్ వేలాడుతోంది.

లింబాద్రి పార కింద పడేశాడు.

"తిన్నవా అన్నా?" అన్నాడు నర్సింగ్, మొహం చూడకుండా.

"ఎవరు?"

"ముందుగల తిను."

"ఎవరుర నర్సింగ్?"

నర్సింగ్ పార్సిల్ విప్పి పెట్టాడు. తినకపోతే వాడు నోరు విప్పడని లింబాద్రికి తెలుసు, ఆ నియమం పెట్టింది తనే కదా. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు.

"వదినెకు పానం బాగలేదట. కామెర్లు ముదిరినయట. ఆర్మూర్ల దవాఖానల షరీక్ జేసిన్రట. నీ బామ్మర్ది ఫోన్ జేసి, బావను జెప్పన తోలుండ్రి అన్నడట."

నోట్లో ముక్క అలాగే ఉండిపోయింది. "ఎప్పుడు పోయింది?" అన్నాడు లింబాద్రి.

"అయ్యో, పోలే అన్నా! ఉన్నది. నీ మీద ఒట్టు."

ఆ ఒట్టు చెవిన పడగానే లింబాద్రి తడిమట్టిలో కూలబడ్డాడు. నర్సింగ్ పలికిన ప్రతి మాటా తను ఊరూరా పలికిందే. వరస కూడా తప్పలేదు. "నిజంగనే అన్నా, నిజంగనే" అని నర్సింగ్ భుజాలు పట్టుకుని ఊపుతుంటే, అది కూడా తను అనేదే కదా అని అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. ఒక పెద్దమనిషి ఒక్కసారిగా పసివాడిలా ఏడిస్తే చూడటం కష్టం. నర్సింగ్ కూడా ఏడ్చేశాడు, లింబాద్రికి ఇక ఏ అనుమానమూ మిగల్లేదు.

అయినా మనసొప్పక బజారుకి తొక్కాడు. గాలి ఎదురు తన్నుతోంది.

"భాయ్, నాకు జెప్పు, తట్టుకుంట" అన్నాడు ఖమరుద్దీన్ బల్లకి ఎదురుగా నిలబడి. "నీకు నాకు నడుమ దాపరికమెందుకు?"

"అల్లా తోడు లింబాద్రి భాయ్, బాగలేదు, బిరీన పంపియ్యండి అనే అన్యాడు. అంతలోకే లైను తెగిపాయ."

"బూతు నెంబరన్న అడుగకపోతివా?"

"అడిగేలోపలే పాయ కదా. మళ్లా చేస్తాడేమోనని పొద్దట్నుంచీ ఈ ఫోను దగ్గరే కూర్చోనుండా."

"మొన్న కోళ్లఫారం పిలగానికి కూడ అల్లా తోడే అన్నవు."

ఖమరుద్దీన్ కత్తెర కింద పెట్టి తల దించుకున్నాడు. అతనికీ లోపల ఒక పురుగు దొలుస్తోంది. తను పదిమందికి మెత్తగా చెప్పినట్టే, ఆ బామ్మర్ది తనకి మెత్తగా చెప్పాడేమో? ఫోన్లో గొంతు వణికింది మరి. ఆ శంక అతని మొహంలో కనపడింది, లింబాద్రి దాన్ని అబద్ధం దొరికిపోయిన మొహమనుకుని బయటికి నడిచాడు.

"సెలవడుగు అన్నా, పోయిరా" అని నర్సింగ్ పోరు పెట్టాడు.

"పోయి ఏం జూడాలెరా? కాలబెట్టిన జాగనా?"

మర్నాడే మంగలి దగ్గర గుండు గీయించుకున్నాడు. కొడుకులున్నవాళ్లకి కొడుకులు చేస్తారు, సాయవ్వకి తను తప్ప ఎవరున్నారు? గుండు చూసి అర్బాబు సంగతి అడిగాడు. ముసలాయన మంచివాడు, చేతులు చాపి తన పద్ధతిలో తను ప్రార్థన చేసి, "పాస్‌పోర్టు తీసుకో, ఇంటికి పోయిరా, టికెట్టు నేను చూస్తా" అన్నాడు. లింబాద్రి అడ్డంగా తలూపాడు.

మనకి ఇక్కడ లేచి అరవాలనిపిస్తుంది. సలాలా నుంచి మస్కట్, అక్కణ్ణించి బొంబాయి, బొంబాయి నుంచి ఆర్మూరుకి బస్సు. ఆ వారం లోపలే ఆ దవాఖాన గుమ్మంలో నిలబడి ఉండేవాడు. కాని చెప్పేవాళ్లెవరు, చెబితే నమ్మేదెవరు? నిజం చెప్పడానికి అతను ఒక్క దారి కూడా మిగల్చలేదు, తను నడిచిన దారులన్నీ తనే మూసుకున్నాడు.

మూడో రోజు పిట్టకి పెట్టాడు. మనవైపు పోయినవాళ్లకి ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి, పక్కకి తప్పుకుని చూస్తారు. పిట్ట వచ్చి ముట్టుకుంటే పోయిన ప్రాణం తృప్తిపడిందని, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని. లింబాద్రి అన్నం, పప్పు, కోడిగుడ్డు కూర వండి అరటాకులో పెట్టాడు. నర్సింగ్, తను చెట్ల చాటుకి వెళ్లి నిలబడ్డారు. కాకులు కొబ్బరిమట్టల మీద కూర్చుని ఇటూ అటూ చూశాయి. ఒక్కటీ దిగలేదు.

ఇలాంటప్పుడు మిగిలినవాళ్లు మాట ఇవ్వాలి. "నీ చెల్లె బిడ్డ లగ్గం నేనే నిలబడి జేస్త" అన్నాడు లింబాద్రి ఆకుకి దణ్ణం పెట్టి. పిట్ట దిగలేదు. "నీ తమ్మున్ని ఏమనను, ఇల్లు ఆనికే ఇడిసిపెడ్త." దిగలేదు. తుంపరకి అన్నం ముద్దయి నీళ్లు ఊరుతోంది. "ఏం గావాలె సాయవ్వా? నేను రావాల్నా? ఒస్త. రెండేండ్లల్ల అంత సర్దుకోని ఒచ్చేస్త" అన్నాడు, ఆమె ఎదురుగా నిలబడి అలిగినట్టే బతిమాలుతూ. ఒక కాకి ఎగిరి అవతలి తోటలోకి పోయింది.

"వానకు దిగుతలేవు అన్నా" అన్నాడు నర్సింగ్. భయపడుతూనే, "లేకుంటే... వదినె బతికే ఉన్నదేమో. ఒక్కసారి పోయి చూడరాదు?" అన్నాడు.

లింబాద్రి గిర్రున తిరిగి వాడి చొక్కా పట్టుకున్నాడు. "నన్ను ఆశ పెట్టకు. ఆశ పెట్టుడు ఎట్లుంటదో నాకు తెల్వదా? నీకు నేర్పింది నేనే."

నిజానికి నర్సింగ్‌కి తెలిసింది మాత్రం ఏముంది? ఖమరుద్దీన్ చెప్పింది వాడు చెప్పాడు, ఖమరుద్దీన్ విన్నది ఖమరుద్దీన్ చెప్పాడు. వాళ్లు కూడా మెల్లమెల్లగా ఆమె పోయిందనే అనుకోసాగారు.

ఆ శుక్రవారం సైకిల్ గోడకే ఆనుకుని ఉంది. కబురు దారంతా పాకింది, లింబాద్రి భార్య పోయిందట అని. ఇన్నేళ్లు అతని కోసం గేట్ల దగ్గర కాసుకున్నవాళ్లు తాఖా నుంచి కూడా పికప్పుల్లో, కాలినడకన అతని దగ్గరికే వచ్చారు. చెట్టు మీంచి తండ్రి చావు విన్నవాడు లేడు కాని, తల్లి పోయినప్పుడు అతని ఒట్టు నమ్మినవాడు, తమ్ముడు పోయినప్పుడు అతని చేతి ముద్ద తిన్నవాడు, అందరూ వచ్చారు. పక్కన కూర్చుని తినిపించారు. సాయవ్వ ఎలా ఉండేది, ఏం మాట్లాడేది అని అడిగి చెప్పించుకున్నారు. "కొట్లాడినా చేతుల పని ఇడ్సకపోయేది" అని చెబుతూ అతను మొదటిసారి కాస్త నవ్వాడు. దుఃఖం కొంచెం కొంచెంగా దారికొస్తున్నట్టే కనిపించింది. పదో దినానికి అందరూ మళ్లీ వస్తామని చెప్పి వెళ్లారు.

పదో దినం రేపనగా మధ్యాహ్నం నర్సింగ్ వచ్చాడు. సైకిల్ దిగలేదు, ఒక కాలు నేల మీద ఆనించి, ఆయాసపడుతూ అలాగే నిలబడ్డాడు. లింబాద్రి రేపటికి బియ్యం చెరుగుతున్నాడు.

"అన్నా, వదినె పోయింది."

లింబాద్రి తలెత్తి, "ఏందిరా కొత్తగ జెప్తున్నవ్?" అన్నాడు.

"ఇయ్యాల పొద్దుగాల పోయిందన్నా. మీ బామ్మర్ది మళ్ల ఫోన్ జేసిండు. ఈసారి లైను తెగలే, నేను కూడ మాట్లాడిన." నర్సింగ్ మొహం తుడుచుకున్నాడు. "బావ ఏడిదాక ఒచ్చిండు, బొంబాయిల దిగిండా, శవాన్ని రేపటిదాక ఆపాల్నా అని అడుగుతున్నడు."

చేట ఒరిగి బియ్యం జారి మట్టిలో పడుతున్నా లింబాద్రి చూసుకోలేదు.

"మరి ఇన్ని దినాలు?"

"ఉన్నదన్నా. దవాఖానల్నే ఉన్నది."

"నన్ను అడిగిందా?"

నర్సింగ్ కిందికి చూశాడు. ఇక్కడ ఒక అబద్ధం చెప్పి ఉంటే పుణ్యమో పాపమో చెప్పడం కష్టం. కాని ఆ అబద్ధాలతో వాడికి విరక్తి పుట్టింది. "దినాం అడిగిందట" అన్నాడు. "ఎవలు తలుపు తీసినా నువ్వే అనుకోని లేవబోయేదట."

లింబాద్రి లేచి అర్బాబు ఇంటికి పరుగెత్తాడు. సైకిల్ సంగతే గుర్తు రాలేదు. ముసలాయన వాకిట్లో చాప మీద కూర్చుని ఉన్నాడు. లింబాద్రి ఎగశ్వాసతో "పాస్‌పోర్ట్" అన్నాడు, తనకొచ్చిన అరబ్బీలో "హుర్మా మాత్" అన్నాడు. నా ఇల్లాలు పోయింది, ఈ రోజు పోయింది అని.

అర్బాబు అతని గుండు వంక చూశాడు. అప్పటికి కొద్దిగా వెంట్రుకలు మొలిచాయి. ఆమె పోయిన వారమే పోయింది కదా, నేను ప్రార్థన కూడా చేశాను కదా అని ముసలాయన తికమకపడ్డాడు. జాలిగా, మెల్లిగా అడిగాడు, "ఇది రెండో భార్యా?" ఎగతాళి ఏమీ లేదు, ఆయనకి ఇద్దరు భార్యలు.

ఏడేళ్లుగా లింబాద్రి నేర్చుకున్న అరబ్బీ నీళ్లకి, మట్టికి, చెట్లకి సరిపోయేది. జరిగింది చెప్పడానికి అతనికి అందులో ఒక్క మాట దొరకలేదు. తెలుగులోనైనా దొరికేదా అంటే చెప్పలేం. అతను చెయ్యెత్తి ఒక వేలు చూపించాడు.

"వాహిద్, అర్బాబ్" అన్నాడు. "ఒక్కతే. నాకు ఒక్కతే ఉండె."

ముసలాయన పాస్‌పోర్టు తేవడానికి లోపలికి వెళ్లాడు. లింబాద్రి ఎత్తిన వేలు దించకుండా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.